ఒక సైజు పెద్ద టైర్లు

"నమ్మి నీ చేతిల పెడితే గిట్లనా చేసేది, బాలస్వామన్నా?"

దేవదాసు చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. గద్వాల మోటారు షెడ్డుకు రెండు మైళ్లు ఎండలో నడిచి వచ్చిన ఆ దొరగారి కారు డ్రైవరు, కుండలోని నీళ్లు కూడా ముట్టలేదు.

బాలస్వామి చేతిలోని పానా కింద పెట్టాడు. "ఏమైంది? మా బావ ఏడి?"

"దుంకి ఉరికిండు. బండి కదిలితే గద? ముందు టైరు పోయి మడ్‌గార్డుల ఇరికింది."

బాలస్వామి చప్పున షెడ్డు బయటికి తొంగిచూశాడు. ఊళ్లో మూడు రంగుల జెండా ఎగరేసిన నాటినుంచి అతని బావ బుచ్చన్న కోసం నిజాం పోలీసులు గాలిస్తున్నారు. దొరికితే ప్రాణాలతో వదలరు. రాజోలి దగ్గర తుంగభద్ర దాటితే అవతల కర్నూలు, నిజాం ఏలుబడిలో లేని సీమ. అక్కడ వీళ్ల ఆటలు సాగవు. ఎండాకాలం కాబట్టి ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. దొర కారు సన్నటి టైర్లు ఆ ఇసుకలో దిగబడతాయి. అందుకే దొర ఊళ్లో లేని రోజు చూసి దేవదాసు కారు తెచ్చాడు. బాలస్వామి దాని పాత చక్రాలకే ఒక సైజు పెద్ద టైర్లు ఎక్కించాడు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పిట్ట కూడా లేని వేళ, బావను వెనక సీటు కింద పడుకోబెట్టి పంపాడు.

"స్టీరింగు మొత్తం తిప్పితే టైరు మడ్‌గార్డుకు తాకుతదని నీకెరుకేనా?" అని నిలదీశాడు దేవదాసు.

"ఎరుకే." బాలస్వామి తల దించుకున్నాడు. "ఏటి దాక తొవ్వ సక్కగ ఉంటది, గంత తిప్పే పని పడదనుకున్న."

"తొవ్వ అన్నంక గొడ్డు అడ్డమొస్తది, బండి అడ్డమొస్తది. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? నా పానం గూడ ఒడ్డిన గదనే."

 కొలువు పోయినా సరేనని ముందుకొచ్చిన మనిషిని తానే మోసం చేసినట్టు బాలస్వామికి అనిపించింది.

దేవదాసు గొంతు తగ్గించాడు. బుచ్చన్న ఎక్కడ దాక్కుంటాడో బావమరిదికి తెలియకుండా ఉండదని, ఆ జాగ చెబితే పొద్దుగూకేలోపు తానే వెళ్లి తీసుకొస్తానని అన్నాడు.

జాగ బాలస్వామికి తెలుసు. మాట నోటిదాకా వచ్చింది.

"ముందుగాల బండిని విడిపిద్దాం. బండి లేంది ఆయన్ని యాడికి తోల్కపోతవ్?"

"బండి సంగతి వెనక సూద్దాం. జాగ చెప్పు. పోలీసులు తిరుగుతుండ్రు, నువ్వు రాకు. పిల్లలు గలోనివి."

ఆ మాటకు బాలస్వామి కళ్లు తడిశాయి. ఇంత జరిగినా తన పిల్లల గురించే ఆలోచిస్తున్నాడు. తన తప్పు తానే దిద్దుకోవాలని జాకీ భుజానేసుకుని బయలుదేరాడు. దారిలో దేవదాసు రెండుసార్లు ఆపి మళ్లీ జాగ అడిగాడు. బండి కదలగానే చెబుతానని బాలస్వామి అడుగు వేగం పెంచాడు.

రాజోలికి నేరుగా పోయే రోడ్డు మీద, పక్కబాట చీలే చోట, కారు కనిపించింది. దేవదాసు వెనకే ఆగిపోయాడు.

బాలస్వామి జాకీ దించి, బండి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. టైరు మడ్‌గార్డు అంచులో దిగబడి, ఇరికిన చోటే బిగుసుకుపోయి ఉంది.

చక్రాలు రెండూ ఏటి వైపు కాదు, పోలీసు ఠాణాకు పోయే ఆ పక్కబాట వైపు పూర్తిగా తిరిగి ఉన్నాయి.