ఊపిరికి తగ్గ పాట

“మళ్లీ తొందరపడ్డారు. అక్కడ ఖాళీ ఉంది, చూడండి,” అంది ఆవిడ పియానో ముందు నుంచి.

ఆయన పెదవుల మీంచి క్లారినెట్ తీసి కాగితం వంక చూశాడు. నిజమే. రెండు మూడు స్వరాలు ఊదాక పొడుగాటి ఖాళీ. తర్వాత మళ్లీ అంతే.

“ఇదేం రచన? ఊదేది తక్కువ, ఊరుకునేది ఎక్కువ,” అని సణిగాడు.

“ఇప్పటి సంగీతం ఇలాగే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు నాకు పేజీలు తిప్పండి.”

చెల్లో వాయించే బావమరిది కమాను దించి నవ్వాడు. “నీకేం బావా! అక్కకీ నీకూ సెలవులిచ్చి బరువంతా నా నెత్తిన పడేశారు. అడిగేవాళ్లెవరు? ఆ స్వరకర్త పక్కన కూర్చుని మరీ రాయించుకొచ్చింది అక్కే కదా.”

ఆవిడ తమ్ముడి వైపు చురుగ్గా చూసింది. ఆ చూపు ఆయన కంటపడింది.

ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని, ఊదడం మానక తప్పదని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఆయన ఇంట్లో చెప్పలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ముగ్గురూ కలిసే వాయిస్తున్నారు. ఆవిడకి అంతకు మించిన లోకం లేదు. అందుకే దగ్గొస్తే స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని దగ్గేవాడు. మెట్ల మధ్యలో చెప్పు సర్దుకునే నెపంతో ఆగేవాడు. అయినా పసిగట్టేసిందన్నమాట.

ఆ రోజు నుంచి రచన ఆయనకి మరోలా వినిపించసాగింది. తన ఊపిరి ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడే చెల్లో అందుకుంటోంది. పియానో కూడా పల్చగా నడుస్తోంది. ఆవిడ ఎడమ చెయ్యి చాలాసేపు ఒళ్లోనే ఉంటోంది. ఒకప్పుడు ఆ చేతి దెబ్బకి హాలు అదిరేది. తన బలహీనమైన నాదం దాని కింద నలిగిపోకూడదని ఇలా రాయించి ఉంటుంది. తన కోసం అంత వాద్యాన్నీ వదులుకుందనుకుంటే ఆయనకి ముద్ద దిగలేదు.

ఓ సాయంత్రం ఉండబట్టలేక అడిగాడు. “నాతో ఏమైనా చెప్పాలా నీకు?”

పియానో మూత దించబోతున్న ఆవిడ ఆగిపోయింది. “కచేరీ అవనీండి,” అంది, ఆయన మొహం చూడకుండా.

కచేరీ రోజు హాలంతా ఊపిరి బిగబట్టి విన్నది. చివర్లో క్లారినెట్ ఒక్క స్వరాన్ని పట్టి నిలపాలి. ఆయన నిలపగలిగినంతసేపు నిలిపాడు. అది చెదిరేలోపే పియానో మెల్లగా అందుకుంది. చప్పట్లు మోగాయి. లేవడానికి ఆవిడ ఆయన భుజం ఊతంగా పట్టుకుంది. ఆయన ఆ చేతిని గట్టిగా నొక్కాడు.

తెర వెనక గదిలో స్వరకర్త ఒక్కడే కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆయన అతని దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

“సార్, మీ రుణం తీర్చుకోలేను. మా ఆవిడ మీతో అంతా చెప్పిందని నాకు తెలుసు. కనిపెట్టేసిందని తెలిసినా పైకి అనే ధైర్యం లేకపోయింది. నా జబ్బుకి తగ్గట్టు, నేనెక్కడా తడబడకుండా రాసిచ్చారు.”

స్వరకర్త కాగితాలు పక్కన పెట్టేసి, ఆయన వైపు తిరిగాడు.

“మీకు కూడానా?”