వెళ్లకు

“వెళ్లకు,” అన్నాడతను మైకులో, హీరోకి డబ్బింగ్ చెబుతూ. తెర మీద హీరో భార్య పెట్టె పట్టుకుని గడప దాటుతోంది.

“ఇంకోసారి చెప్పండి సార్. కండక్టరు టికెట్టు అడిగినట్టుంది,” అన్నాడు సౌండ్ ఇంజనీరు.

తెర మీది భార్యకు గొంతు ఇస్తున్నది అతని భార్యే. ఏడాదిగా వేరే ఉంటోంది. హెడ్‌ఫోన్ తీసి, “ఆయనకి అలవాటు లేని మాటండీ. నేను వెళ్లిపోయిన రోజు టాక్సీ పిలిచిపెట్టారు,” అంది.

“పెట్టె మోయలేవని పిలిచాను.”

“గుమ్మంలో చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కున్నాను. ఆపుతారేమోనని.”

“చెప్పు తెగిందనుకున్నాను.”

“తెలుసు. మర్నాడు కొత్త జత పంపించారుగా.”

సరిపోయాయా అని అడగబోయి మైకు వైపు తిరిగాడు. ఆ రోజు ఆమె ముఖం ఎలా ఉందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చెప్పుల రంగు మాత్రం బాగా గుర్తుంది.