ఇద్దరు పట్టే సోఫా

2019 జూన్ 14న సోఫా ఇంటికొచ్చింది. ఆ పొద్దున జయరాం, అతని భార్య ఉమాదేవి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. సోఫా మీద కాదు, దాని ముందు నేల మీద. నూనె మరక అవుతుందని ఉమాదేవి భయం. ఇద్దరు మాత్రమే పట్టే ఆ సోఫాకు అంగడివాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరును కూడా ఆమె ఏనాడూ తీయనివ్వలేదు.

ఆమె పోయి ఏడాదైంది. బత్తలపల్లెలో ఒంటరిగా ఉన్న తమ్ముడు జయరాం ఇల్లు సర్దడానికి కంబదూరు నుంచి మారెక్క వచ్చింది.

"ఒక్కడివి, ఇంత సోఫా నీకెందుకప్పా? కిటికీకి అడ్డంగా ఉండాది. కూర్చుంటే కవరు వీపుకంతా అంటుకుంటాది. తెల్లారితే బండి వస్తాది, మా ఇంట్లో వేసుకుంటాం."

జయరాం కాదనలేకపోయాడు. అది పోతే ఇంట్లో ఉమ చోటంటూ ఏమీ మిగలదని మాత్రం అనిపించింది.

రాత్రి ఆఖరిసారిగా తన వైపు కూర్చున్నాడు. కవరు కరకరలాడింది. వాన లేకపోయినా గాలి చల్లగా ఉంది, అదే పదివేలనుకున్నాడు. కాసేపటికి పక్క చోట కవరు కరకరలాడింది. అతను కదలలేదు. ఆ వైపు మెత్త మెల్లగా కిందికి దిగి, అలాగే ఉండిపోయింది.

నీళ్లకని లేచిన మారెక్క గుమ్మంలో ఆగింది.

"అక్కా, బండి వద్దని చెప్పు," అన్నాడు.

ఆమె ఏదో అనబోయింది. చూపు ఆ ఖాళీ చోటి పల్లం మీద నిలిచింది. వీధి చివరిదాకా వినబడే గొంతు గుసగుసైంది.

"సరేలే. పొద్దుపోయింది, ఇద్దరూ పండుకోండి."

గదిలోకి పోయి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.