ఖాళీగా ఉన్న వైరు

"తమ్ముడూ, ఎనిమిది మంచాల మానిటర్లూ మా తెర మీద ఆగిపోయాయి. ఉన్నది ఇద్దరు నర్సులం. ఎవరి గుండె ఆగినా మాకు తెలీదు," ఆస్పత్రి ఐసీయూ నుంచి ఫోన్లో అంది అక్క.

తన ఆఫీసులో నెట్‌వర్క్ ఇంజనీరైన తమ్ముడు మళ్లీ కీబోర్డు నొక్కాడు. "ఆస్పత్రి లైను కిక్కిరిసిపోయిందక్కా. నా కమాండ్ అక్కడి స్విచ్‌ దాకా, అదే డేటాని పంచే పెట్టె దాకా, వెళ్లడం లేదు."

"డేటా ఎంత ఇరుక్కున్నా స్విచ్‌తో మాట్లాడ్డానికి విడిగా వైరుందని గొప్పలు పోయావుగా?"

"ఉండేది. ఇప్పుడు లేదు."

"అయితే వచ్చి చెయ్యి."

"అరగంట దారి. స్విచ్ గది తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది."

అవతల ఎవరో "మూడో మంచం" అని కేకేశారు. అక్క పరుగెత్తుతూనే అడిగింది. "ఆ వైరు పీకిందెవడ్రా?"

అతను కీబోర్డు వదిలేశాడు.

"మీ విశ్రాంతి గదిలో టీవీకి లైను కావాలన్నావు కదా. ఆ వైరు ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందని నేనే పీకి ఇచ్చానక్కా."