డెబ్భై దగ్గర ముల్లు

సిగార్లకు బూజు పట్టించడం ఇంత కష్టమని హోటలు యజమాని కలలో కూడా అనుకోలేదు.

నిజానికి అవి అసలు సిగార్లు కావు. తండ్రి ప్రాణంలా దాచుకున్న నలభై పాత సిగార్లనూ ఆయన కిందటేడే గుట్టుచప్పుడు కాకుండా, అరవయ్యో పుట్టినరోజుకు దాచుకుంటానన్న ఒక కాంట్రాక్టరుకు అమ్మేశాడు. వాటి చోట చౌకరకం నలభై కొని, ప్రెస్సులో అచ్చు వేయించిన బంగారు రంగు పట్టీలు చుట్టి, దేవదారు పెట్టెలో సర్దేశాడు. తను పొగ తాగడు కాబట్టి ఆయన కంటికి అవీ ఇవీ ఒకటే. ఇక వీటికి బూజు పడితే చాలు. బూజు పట్టిన సరుకును ఎవరూ వాసన చూడరు, తగలబెట్టేస్తారు. బీమా కంపెనీ మాత్రం అసలు సిగార్ల విలువ ఇచ్చి తీరాలి. ఆ డబ్బు రాకపోతే బేరాల్లేని హోటలుకు తాళం పడుతుంది.

అడ్డమల్లా తండ్రి కాలం నుంచి ఆ పెట్టెను కనిపెట్టుకుని ఉన్న పెద్దాయన.

పెట్టెలో తేమ డెబ్భై శాతం దగ్గర ఉండాలి. తగ్గితే ఆకు ఎండి పొడవుతుంది, పెరిగితే బూజు పడుతుంది. పెద్దాయన రోజూ పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని, మూత లోపలున్న తేమ మీటరు ముల్లు చూసి, పెట్టె మూలనున్న స్పాంజి మీద చుక్క చుక్కగా స్వేదనజలం వేసేవాడు. ముల్లు మీద కూడా ఆయనకు పెద్ద నమ్మకం లేదు. నెలకోసారి దాన్ని తడి ఉప్పుతో పాటు ఒక సీసాలో పెట్టి బిగించి, ఒక రోజంతా ఉంచేవాడు. తడి ఉప్పు దగ్గర తేమ ఎప్పుడూ డెబ్భై అయిదే కాబట్టి, అది కచ్చితంగా అంతే చూపిస్తేనే మళ్ళీ పెట్టెలోకి రానిచ్చేవాడు.

యజమానికేమో వచ్చిన ప్రతివాడికీ పెట్టె తెరిచి గొప్పలు పోవడం సరదా.

"మూత, చినబాబూ, మూత!" అని వెనకనుంచి పెద్దాయన గోల పెట్టేవాడు.

సోమవారం యజమాని పెట్టెలో తడి తువ్వాలు కుక్కాడు. మధ్యాహ్నానికల్లా అది దండెం మీద ఆరుతోంది, ముల్లు డెబ్భై దగ్గర ఉంది. గురువారం స్పాంజిని నిండా ముంచి పెట్టాడు. పెద్దాయన దాన్ని తీసి, పిండి, చీకొట్టాడు.

"చుట్టలకు జలుబు చేస్తుంది చినబాబూ."

"నీకు వాటి మీదున్న ప్రేమ నా మీద లేదు కదయ్యా!"

"మీరు ఎండిపోరు కదా!"

ఇలా లాభం లేదని యజమాని ప్రేమ ఒలకబోశాడు. "ఎన్నేళ్ళయింది నువ్వు సెలవు తీసుకుని! కూతురింటికి వెళ్ళి పదిహేను రోజులు ఉండి రా. జీతం ఎక్కడికీ పోదు."

పెద్దాయన నమ్మలేనట్టు చూశాడు. "మరి పెట్టె?"

"నేను చూసుకుంటాను."

"మూత..."

"ఒట్టు, మూత తీయను."

ఆయన మాట తప్పలేదు. తడి తువ్వాలు లోపల పెట్టి, పదిహేను రోజులూ మూత ముట్టుకోలేదు.

పదహారో రోజు పొద్దున బీమా అధికారి వచ్చాడు. ఆ రోజే కింది హాల్లో కాంట్రాక్టరు అరవయ్యో పుట్టినరోజు విందు. మోసం చేసినవాడితో ఆయన నోటితో మాట్లాడడని ఊరంతా చెప్పుకుంటారు. అలాంటివాడు తన సరుకు కొనడమే కాక తన హాలే తీసుకున్నందుకు యజమానికి లోలోపల ఒకటే సంబరం.

మూత తీయగానే అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. లోపల తెల్లగా దూది పరిచినట్టు బూజు.

"మా నాన్నగారి జ్ఞాపకం సార్..." అంటూ యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. అధికారి జాలిపడి, కాగితం తీసి, పెన్ను విప్పాడు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన చంకలో ఒక మూట పెట్టుకుని లోపలికి వచ్చాడు. పెట్టెలోకి తొంగిచూసి, ఏడవాల్సింది పోయి నవ్వాడు.

"దిగులు పడకండి చినబాబూ. పెదబాబుగారి చుట్టల్లో ఒక్కటి కూడా పాడవలేదు."

మూట విప్పాడు. అందులో చిన్న చెక్క పెట్టె, దాని నిండా నల్లగా నిగనిగలాడే సిగార్లు. ఆ వాసన పొగ తాగని యజమానికి కూడా కొత్తగా తోచింది.

"మీరు అందరికీ మూత తీసి చూపిస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. అందుకే రెండేళ్ళ కిందటే వీటిని మా ఇంటికి చేర్చేశాను. వీటి పట్టీలు విప్పి చౌక చుట్టలకు తొడిగి ఇక్కడ పెట్టాను. చూపించడానికి ఏవైతేనేం? ముల్లు కదిలితే మీకు అనుమానం వస్తుందని ఆ గడ్డిని కూడా కన్నబిడ్డలా సాకాను."

"అదృష్టవంతులండీ! నష్టమే లేదు," అని అధికారి కాగితం చింపేసి, యజమానికి చెయ్యి కలిపాడు.

ఆ చెయ్యి చల్లగా తగిలింది. రెండేళ్ళ కిందట. తను అమ్మింది కిందటేడు. యజమాని పెద్దాయనను పక్కకు లాగాడు.

"పెద్దాయనా... ఆ తేడా ఎవరికీ తెలియదు కదూ?"

"పొగ తాగరు కాబట్టి మీకు తెలియలేదు. అలవాటున్నవాడు మొదటి దమ్ముకే పట్టేస్తాడు," అని పెద్దాయన తన పెట్టె మూత జాగ్రత్తగా మూశాడు. "కింద కాంట్రాక్టరుగారు ఇప్పుడే ఒకటి వెలిగిస్తుంటే చూసి వస్తున్నాను చినబాబూ, పాపం, ఎవడో ఆయనకు మన గడ్డినే అంటగట్టాడు."