వంకర గిన్నె

"నా వీల్ మీద ఈ దరిద్రం చేసిందెవరు?"

ఇంద్రాణి అరుపు ఎల్బీనగర్ చౌరస్తా దాకా వినబడే ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో వారమంతా గొంతు చించుకుని, ఆదివారం ఈ కుండల క్లాసులో కాస్త మనశ్శాంతి దొరుకుతుందని వస్తే ఇదీ వరస!

మూడు నెలలైనా ఆమె చేతిలో ఒక్క గిన్నె తిన్నగా నిలబడలేదు. ఇవాళ ఆమె వీల్ మీద, అచ్చం ఆమె చేసేలాంటిదే, ఒక వంకర గిన్నె కూర్చుని ఉంది.

మూలన క్లాసుకు కావాల్సిన మట్టి తొక్కుతున్న భూలక్ష్మి కాళ్లు ఆగాయి.

"నేనేనమ్మా."

ఇంద్రాణికి ఒళ్లు మండిపోయింది. ఒక్కసారి చేసి చూపించమని పోయిన వారమే ఈవిడను బతిమాలింది. ఈవిడేమో "నాకు రాదమ్మా" అంది. కుమ్మరింటి మనిషికి కుండ చేయడం రాదట! చేపపిల్లకు ఈత రాదంటే నమ్మడానికి తనేమైనా వెర్రిదా? పైగా ఇప్పుడు ఈ వెక్కిరింపు.

"నా వంకర గిన్నెను నాకే చేసి చూపిస్తావా?"

"అయ్యో, గట్లెందుకు చేస్తనమ్మా? జర చూద్దామని..."

"నోర్ముయ్!"

ఆ గిన్నెను పిడికిట్లో నలిపి బకెట్లోకి విసిరికొట్టింది.

భూలక్ష్మి కాసేపు బకెట్ వంక చూసింది. కాళ్లు కడుక్కుని, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

పావుగంటకు క్లాసు నడిపే మహిపాల్ వచ్చాడు.

"భూలక్ష్మమ్మ ఏది?"

"వెళ్లిపోయింది. కావాలని వంకరగా చేసి నన్ను వెక్కిరించింది. ఇక్కడ ఆవిడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

"ఏది ఆ గిన్నె?"

"నలిపి పారేశాను."

మహిపాల్ మొహం జేవురించింది.

"ఎంత పని చేసిన్రు మేడం! పొద్దుగాల నేనే ఆమెను మీ వీల్ ముంగట కూసోబెట్టిన. గిన్నెను కాల్చి ఇస్తనని మాటిచ్చిన."

"ఆవిడకు కొత్తగా కూర్చోబెట్టడం ఎందుకు? పుట్టినప్పట్నుంచీ చేసే పనేగా!"

మహిపాల్ బాల్కనీలోకి పరుగెత్తాడు. భూలక్ష్మి ఎక్కిన హయత్‌నగర్ బస్సు అప్పుడే కదిలింది. పిలిచినా వినబడదు.

వెనక్కి వచ్చి ఇంద్రాణి మొహంలోకి సూటిగా చూశాడు.

"వాళ్లింట్ల ఆడోళ్లు సారె, అదే ఈ వీల్, ముట్టొద్దంటరు మేడం. మామకు, మొగనికి, కొడుక్కు నలభై ఏండ్లు మట్టి తొక్కి ఇచ్చింది. ఆమె జన్మల చేసిన మొదటి గిన్నె అది."