వంగమొక్క దాచిన ఆకు

ఒక వంగమొక్కకి ఎర్రనల్లి పట్టింది. నల్లులన్నీ ఆకుల అడుగున బూజులాంటి గూళ్లు అల్లుకుని, రసం పీల్చేస్తూ, "వదినా, ఈ ఆకు చప్పబడింది, పై ఆకుకి పోదామా?" అని ముచ్చట్లాడుకుంటున్నాయి.

అంతలో ఒక వేటనల్లి కాండం ఎక్కి వచ్చింది.

"ఇంకో నల్లా!" అని మొక్క గొల్లుమంది. "ఉన్నవాళ్లకే నా ఆకులు చాలడం లేదు!"

"నేను ఆకు ముట్టను పిన్నీ. నల్లుల్నే తింటాను," అంది వేటనల్లి. అన్నట్టే వదిననీ ఆడపడుచునీ ఒకే పూట భోంచేసింది.

పదిరోజులకి మొక్క కొత్త చిగుళ్లు వేసింది. ఒక్క ఆకు మీద మాత్రం నాలుగు ఎర్రనల్లులు మిగిలాయి.

"వాటినీ మింగెయ్యవే, ఇంకా దేనికి చూస్తున్నావ్?" అని మొక్క కసిరింది.

"మింగేస్తాను. ఆ తర్వాత నాకిక్కడ తిండేదీ? పక్క చేలోకి పోతాను. మర్నాడు గాలికి వీళ్ల చుట్టాలు కొట్టుకొస్తే నువ్వే చూసుకో."



మర్నాడు రైతు మందు డబ్బా వీపున తగిలించుకుని, ఆకులు తిప్పితిప్పి చూస్తూ వచ్చాడు. మొక్క ఆ ఒక్క ఆకునీ గబుక్కున మిగతా ఆకుల చాటుకి లాక్కుని, నాలుగు నల్లులతో గుసగుసగా అంది:

"కదలకండర్రా! మీకేమైనా అయితే నా గతేం కాను?"